ఎంబసీ అంటే ఏ బాయి

మంగళవారం, పడుకునే ముందు.

గల్ఫ్‌లో ఉన్న అల్లుడు రాజేశం ఫోన్ చేశాడు. వాళ్ల క్యాంపులో చనిపోయిన సారయ్య శవాన్ని ఇంకా ఇంటికి పంపలేదట.

"అందుకే ఎంబసీ కాడ గేట్ మీటింగ్ పెట్టినం మామా. నేపాలోళ్లు గుడ వచ్చిన్రు. ఎంబసీ పెద్దసారు బయటికొచ్చి, ఈడి సర్కారుతోని మాట్లాడుతనన్నడు."

"ఎంబసీ అంటే ఏ బాయి అల్లుడా?" అన్నాను. బొగ్గుబాయి గేటు తప్ప నాకు వేరే గేటు తెలియదు. నవ్వాడు.

ఇంక అటు పోవద్దని చెప్పమని పక్కనున్న బిడ్డ సైగ చేసింది. మొగుణ్ని జైల్లో పెడతారని దాని ఫికరు. నాకు మాత్రం లేదా?

"ఒక్కనివే ముందట నిలబడకు అల్లుడా. నలుగుర్ల నిలబడు," అన్నాను.

"ఆపుమంటే నేర్పుతున్నవా బాపూ!" అని బిడ్డ ఏడ్చింది.

బొగ్గుబాయి సమ్మెప్పుడు అల్లుణ్ని బాయి గేటు కాడ మీటింగుకు తీసుకుపోయింది నేనే. ఇప్పుడు ఏ నోటితో ఆపమనాలి? బిడ్డ అలిగి పడుకుంది. దుప్పటి కప్పి, ఫోను దాని తలాపున పెట్టి వచ్చాను.