రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌లో

19 అక్టోబరు 2007, శుక్రవారం
రేపు ఆయుధ పూజ. పాల ఫ్యాక్టరీ అంతా కడుగుతున్నారు. ట్యాంకర్లు రాని గంట చూసుకుని కంప్యూటర్ గదిలోకి అటెండరు రెడ్డెప్పన్న గుడ్డ, బకెట్ తెచ్చాడు. సర్వర్ల కేబుళ్లన్నీ పీకి తుడిచాడు. తిరిగి పెట్టేది మాత్రం కంప్యూటర్లు చూసుకునే నేనే.
ఒక్కో సర్వర్‌కు రెండు కేబుళ్లు. ఒకటి పై స్విచ్‌కు, ఒకటి కింది స్విచ్‌కు — సర్వర్లనూ ల్యాబ్ కంప్యూటర్లనూ కలిపే పెట్టెలవి.
“యాలమ్మా అట్ల? జత ఎద్దుల్ని ఒకదాన్ని ఈడ, ఒకదాన్ని ఆడ కడతారా?”
“ఒక స్విచ్ పోతే ఇంకోటి నడిపిస్తుందన్నా.”
“కొత్త స్విచ్‌కు అప్పుడే దిష్టి పెడతాండావు సూడు!”
ఆయన వెళ్లాక చాలాసేపు కేబుళ్లు చేతిలో పట్టుకునే ఉన్నాను. రోజూ పొద్దున ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు కాపీ నడుస్తుంటే ల్యాబ్ కంప్యూటర్లు కదలవు. రెండు కేబుళ్లనూ కలిపి ఒకే లైనుగా చేస్తే వేగం పెరుగుతుంది. మా దగ్గరున్న రకం స్విచ్‌లలో రెండూ ఒకదాంట్లోనే ఉంటే తప్ప అది కుదరదు. అన్నీ పై స్విచ్‌లో పెట్టాను. సెట్టింగులు మార్చాను. చూద్దామని — అంతే. పూజ కాగానే తీసేస్తాను.

20, శనివారం
స్విచ్‌లకు గంధం, కుంకుమ. మరమరాలు, బెల్లం పంచారు.

22, సోమవారం
కాపీ సగం టైములో అయిపోయింది. మేనేజర్ సార్ గదిలోకి వచ్చి — “ఏమ్మా, ఏం మంత్రం ఏసినావు? ల్యాబోళ్లు ఈరోజు నామీద అరవలా!”
ఏం లేదు సార్, అన్నాను. ఎందుకలా అన్నానో.
ఇంట్లో చెబితే అమ్మ గేదె దగ్గర నుంచి లేవకుండానే — “మన ఇంట్లో నువ్వొక్కదానివే కదా సదివింది.”
కేబుళ్లు అలాగే ఉన్నాయి.

5 నవంబరు
ఇంకా మార్చలేదు. మార్చాలి.

14, బుధవారం
పొద్దున ఎనిమిదిన్నరకు కరెంటు పోయి వచ్చింది. కాలిన వాసన. పై స్విచ్‌లో ఒక్క లైటూ లేదు. కింది స్విచ్‌లో లైట్లు పచ్చగా... దానికి ఒక్క సర్వరూ కలిపి లేదు.
పాలు పరీక్షించిన ల్యాబ్ స్లిప్పు కంప్యూటర్ నుంచి రాకపోతే ట్యాంకర్ ఖాళీ చేయరు. అది రూలు. గేటు దగ్గర మూడు ట్యాంకర్లు. కుప్పం నుంచి వచ్చిన డ్రైవరు కిటికీలోంచి అరుస్తున్నాడు — “అమ్మా, పాలు ఎండలో ఉండాయి! స్లిప్పు తర్వాత ఇద్దురు, ముందు దించుకోండప్పా!”
కేబుళ్లు కింది స్విచ్‌కు మార్చాను. కలవలేదు. స్విచ్‌లు పెట్టిన మదనపల్లె ఇంజనీరు ఫోన్‌లో ఒక్కొక్కటీ చెబుతూ పోయాడు; సర్వర్లలో నేను మార్చిన సెట్టింగు సంగతి ఆయనకు చెప్పలేదు. పదకొండు దాటాక ఒక్కో కేబులుతో కలిసింది.
అప్పటికి కుప్పం ట్యాంకరు పాలు విరిగిపోయాయి. వెనక కాలువలోకి వదిలేశారు. తెల్లగా, చాలాసేపు పారింది. చూశాను. ఏమీ అనిపించలేదు.

15, గురువారం
ఇంజనీరు ఫోన్‌లో సార్‌ను అడిగాడట — కేబుళ్లన్నీ ఒకే స్విచ్‌లో ఎవరు పెట్టారు, అని.
సార్ నన్ను అడగలేదు. ఆయనే అన్నారు — “పూజకు తుడిచింది రెడ్డెప్పే కదా. పీకినోడు ఎట్ల పడితే అట్ల పెట్టినాడు.”
నేను అక్కడే నిలబడి ఉన్నాను.
సాయంత్రానికి రెడ్డెప్పన్నను రావద్దన్నారు. కాంట్రాక్టు మనిషి. ఒక్క మాటతో అయిపోయింది.

16
ఇంటికొచ్చే చౌడేపల్లె బస్సులో సీటు దొరికింది. దిగాల్సిన చోట దిగలేదు. తర్వాతి స్టాపు నుంచి నడిచాను.

17, శనివారం
రెడ్డెప్పన్న మా ఇంటికి వచ్చాడు. అమ్మ టీ ఇచ్చింది. నా మీద కోపంగా ఉంటాడనుకున్నాను. లేదు.
“నేను తిరిగి పెట్టలేదు కదమ్మా? నాకేమో బాగా గ్యాపకం. తుడిసి నీ చేతికే ఇచ్చినట్టుండాది... వయసు మీద పడె, ఏమో.”
నేను గ్లాసు లోపలికి తీసుకెళ్లాను. కడిగిందే మళ్లీ కడిగాను.
తిరిగి వస్తే జేబులోంచి మడత కాగితం తీశాడు. తెల్ల కాగితం. అడుగున వేలిముద్ర.
“మేనేజరుకు అర్జీ రాయమ్మా. నీకైతే కంప్యూటర్ సంగతి తెలుస్తాది.”
“ముందే ముద్ర వేశావేమన్నా? ఏం రాస్తానో చూడకుండా?”
“సూస్తే మాత్రం నాకేం తెలుస్తాది?” నవ్వాడు. “నువ్వు రాసినాక ఇంక సూసేదేముండాది.”

18, ఆదివారం
రేపు కొత్త స్విచ్ తీసుకుని ఇంజనీరు వస్తాడు. సర్వర్ తెరిస్తే రెండు కేబుళ్లను కలిపిన సెట్టింగు కనబడుతుంది. అది రెడ్డెప్పన్న చేసే పని కాదని ఎవరికైనా తెలుస్తుంది. ఆయన కంటే ముందు నేను వెళ్తే — పాత సెట్టింగు పెట్టేయడం ఐదు నిమిషాల పని. ఏడింటి బస్సుంది.
అర్జీ మొదలుపెట్టాను, రెడ్డెప్పన్న చెప్పినట్టుగా. మేనేజరు గారికి, పుంగనూరు. అయ్యా, పూజకు ముందురోజు కేబుళ్లు తుడిచింది నేనే. తిరిగి పెట్టింది నేను కాదు.
మరి ఎవరు అని సార్ అడుగుతారు.
అమ్మ అన్నానికి పిలుస్తోంది. రెండోసారి.
వేలిముద్రకు పైన ఇంకో రెండు వరసలకు చోటుంది.