తడి జుట్టు

పెందుర్తి,
సోమవారం

ప్రియమైన అమ్మమ్మకి,

ఫోన్లో నీకు సరిగ్గా వినపడదని రాస్తున్నాను. మా ఆసుపత్రిలో ఇప్పుడు గుండెపోటు కేసులకి గడియారం పెట్టి పని చేస్తున్నాం. మనిషి గుమ్మంలోకొచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. తీస్తున్నాం కూడా.

కానీ మన జాలరిపేట ఆడవాళ్లు నొప్పి మొదలైన రెండు గంటలకి గానీ రావడం లేదు. ఆటోలో ముప్పావుగంట దారే! పైగా అందరి జుట్టూ తడిగా ఉంటుంది. అడిగితే "ఏటీ నేదమ్మా" అంటారు. డాక్టర్ అనూరాధగారు చెమట అన్నారు. చెమటకి సబ్బు వాసన వస్తుందా? నీకేమైనా తెలుసా?

నీ మనవరాలు,
ఇంద్రజ

జాలరిపేట,
గురువారం

నా తల్లి ఇంద్రజకి అమ్మమ్మ దీవెనలు.

హాస్టల్లో అన్నం ఉడుకుతోందా? బస్సు ఆగకుండా దిగకు. ఆ తీగల మిషను కరెంటుదే కదా, షాకు కొట్టదా? జాకెట్టు విప్పమంటారా? తీగలు పెట్టేవాళ్లు మరీ దగ్గరికి వంగుతారా? ఊరికే అడిగాను. తడి జుట్టు సంగతి నాకేం తెలుసు?

ఈమధ్య గంప ఎత్తితే ఆయాసం. ఎండ వల్లేలే. నువ్వు బెంగపడకు, నేను పడుతున్నాను చాలు.

అమ్మమ్మ అసిరమ్మ

పెందుర్తి,
ఆదివారం

అమ్మమ్మా,

షాకు కొట్టదు. తెర కట్టి నర్సులమే పెడతాం. వంగకుండా ఎలా పెడతాం? అదెందుకు అడిగావు?

ఆయాసం ఎండ వల్ల కాదు. గుండెల్లో పట్టేసినట్టుంటే ఆ క్షణమే ఆటో ఎక్కు. ఇంకోటి. రెండేళ్ల కిందట నూకాలు చిన్నమ్మమ్మని ఆసుపత్రికి నువ్వే తీసుకొచ్చావు. ఆ రోజు తన జుట్టు కూడా తడిగా ఉందా? నిజం చెప్పు.

ఇంద్రజ

మీ ఆసుపత్రి, ఆరో మంచం,
శుక్రవారం

తల్లీ,

నువ్వు రోజుకి పదిసార్లు వచ్చి చూసిపోతున్నావు. ముఖం చూసి చెప్పలేక, ఈ కాగితం తలగడ కింద పెడుతున్నాను.

తడిగానే ఉంది. నేనే తడిపాను. సేపలమ్మే చోటే నా చెల్లికి గుండెల్లో పట్టేసింది. "అప్పా, బేగి ఆసుపత్రికి తీసుకెల్లే" అంది. "ఉండవే, సేపల కంపుతో ఎలాగెల్తావు, నర్సమ్మలు ముక్కులు మూసుకోరేటి?" అన్నాను. ఇంటికి తీసుకెళ్లి, నీళ్లు కాచి తల మీంచి పోశాను. సబ్బు రెండుసార్లు రుద్దాను. పెట్టెలో చీర కట్టి జడ కూడా వేశాను. ఆటోలో నా భుజం మీదే తల వాల్చేసింది, మరి ఎత్తలేదు. నేను చిన్నప్పుడు ఒక ఆసుపత్రిలో ఆయా మా అమ్మని వాసనొస్తోందని బయట కూర్చోబెట్టింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఇదే పద్ధతి. పేటలో చాలామందిదీ ఇదే.

మొన్న మంగళవారం నాకూ పట్టేసింది. కాళ్లు నీళ్ల తొట్టి వైపే వెళ్లాయి, ఏం చెయ్యను. నీ ఉత్తరం కొంగున ఉంది. గంప అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. చేతుల నిండా పొలుసులే.

మీ నర్సు నీలిమ తెర లాగింది. వంగింది. నేను ఊపిరి బిగపట్టాను. ఆ పిల్ల నా మెడ మీది పొలుసు గిల్లి తీసి, "ఏ సేపమ్మా?" అంది.

"వంజరం" అన్నాను.

"బాగుంతాది" అంటూనే తీగలు అంటించేసింది. తొమ్మిది నిమిషాలే పట్టిందట. నాకు గడియారం తెలీదు గానీ, నీళ్లు కాగే టైము కూడా పట్టలేదు.

ఇంటికెళ్లగానే గుమ్మం గుమ్మానికీ చెబుతాను, నూకాలి పేరు చెప్పి మరీ. మీరు కూడా ఆ గడియారం కింద రాయించండి, సేపల వాసనతోనే రండని.

చదివాక ఒకసారి వచ్చి నా తల తడిమి చూడు. పొడిగానే ఉంది.

నీ అమ్మమ్మ