డాక్టరు గారి కారుకు డిపాజిట్

మంచిర్యాల,
4-12-1966

దండేపల్లిలో ఉన్న అన్న లక్ష్మీరాజంకు చెల్లె అనసూర్య నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. వదినె నడుం నొప్పికి మీ బావ ఇచ్చిన మందు పట్టిందా?

అన్నా, మీ బావ అయిదేళ్లుగా ఎదురుచూస్తున్నది వచ్చింది. ఈసారి జాబితాలో ఆయన పేరుంది. కారు మనకే కేటాయించారు. ఆయన మోకాలు దెబ్బతిన్న నాటి నుంచి నేనూ ఇదే కోరుకుంటున్నాను. ఆయన ఊరూరా తిరగాలంటే ఇక వేరే దారి లేదు.

తగవంతా డిపాజిట్ దగ్గరే. ఏడు వేలు కట్టాలని ఆయన పట్టు. ఎక్కువ కడితే పరువుగా ఉంటుందట. నాలుగు వేలు చాలని నా లెక్క. జనవరి ఇరవై లోపు కట్టకపోతే కంపెనీ వారు పేరు కొట్టేస్తారు. మళ్లీ అయిదేళ్లు ఆగాలి. నా పొలం మీద వచ్చి నీ దగ్గర ఉన్న డబ్బులోంచి నాలుగు వేలు వెంటనే పంపు.

నీ చెల్లె
అనసూర్య

తా.క.: సీటు కోసం పిల్లలు ఇప్పటి నుంచే కొట్లాడుకుంటున్నారు. ముందు సీటు వాళ్ల నాన్నకు తప్ప ఎవరికీ లేదని చెప్పాను.


దండేపల్లి,
10-12-66

చిరంజీవి చెల్లె అనసూర్యకు అన్న లక్ష్మీరాజం దీవించి రాసిన సంగతి. నాకు మీ తీరు రాసుడు రాదు, నోటికి వచ్చినట్టు రాస్తున్న.

నీ జాబు చదివి రెండు దినాలు బువ్వ సయించలే. బావకు గీ వయసుల గీ ఎలక్షన్ పిచ్చి ఎక్కడిది? ఐదేండ్ల సంది మనసుల పెట్టుకున్నడా? నాతోని ఒక్కనాడన్న అనలే. పైంగ కారు గుర్తట! మన దిక్కు కారు చూసినోళ్లు ఎందరు? నాగలో ఎడ్లబండో అడిగితే ఇయ్యకపోదురా?

ఇగ డిపాజిట్. నిన్నెవరో మోసం చేస్తుండ్రు చెల్లె. అసెంబ్లీకి రెండువందల యాభై. పార్లమెంటుకు ఐదు వందలు. నాలుగు వేలంటే బావ ఎనిమిది జాగల పార్లమెంటుకు నిలబడుతుండా? ఎక్కువ కడితే పరువంటడా? డిపాజిట్ పోయినంక పరువెక్కడిది? నీ పొలం పైసలు గట్ల నీళ్లల్ల పోస్తే పైనున్న మన బాపు నన్ను ఊకుంటడా? నేను పైస పంప.

నీ మేలు కోరే
అన్న

తా.క.: ముందు సీటు మాట. అసెంబ్లీల ముందు సీట్లు మంత్రులకిస్తరు. బావను ఎనకనే కూసోబెడతరు. పిల్లలకు గిప్పుడే ఆశ పెట్టకు.


మంచిర్యాల,
15-12-1966

అన్నకు అనసూర్య నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వాను. పైసా పంపనన్న చోట నవ్వు ఆగింది.

మీ బావ ఏ ఎలక్షన్‌లోనూ నిలబడటం లేదు. కారు గుర్తు కాదు, మనుషులు ఎక్కి తిరిగే కారు. రోగుల దగ్గరికి పోవడానికి. అయిదేళ్ల కిందట సికింద్రాబాదు మోటారు కంపెనీలో పేరు రాయించాం. మన వంతు ఇప్పటికి వచ్చింది. ఫిబ్రవరిలో కారు ఇస్తామంటున్నారు.

డబ్బు కట్టడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, పొలం కుదువబెట్టి అప్పు తెచ్చి మొత్తం ధర కట్టేయడం. రెండోది కిరాయి కొనుగోలు. ముందు కొంత డిపాజిట్ కట్టి, మిగిలింది మూడేళ్లు నెలనెలా కిస్తులు కట్టడం. చివరి కిస్తు ముట్టేదాకా కారు కంపెనీదే, మనం కిరాయిదార్లం. ఏడు వేలు డిపాజిట్ కడితే కిస్తు తగ్గే మాట నిజమే. కానీ చేతిలో చిల్లర కూడా మిగలదు. వానాకాలంలో మీ బావకు రోగులు ఎక్కువ, ఫీజు ఇచ్చేవాళ్లు తక్కువ. ఆ నాలుగు నెలలు కిస్తు ఎక్కడి నుంచి తేవాలి? అందుకే నాలుగు వేల డిపాజిట్, కిరాయి పద్ధతి. ఆయన్ను ఒప్పించడానికి పది రోజులు పట్టింది. నిన్ను ఒప్పించడానికి ఒక ఉత్తరం చాలనుకుంటాను.

నీ చెల్లె
అనసూర్య

తా.క.: దీన్ని రెండుసార్లు చదువు.


దండేపల్లి,
22-12-66

చెల్లెకు అన్న ఆశీర్వాదం.

రెండుసార్లు చదివిన. సమజైంది. నామినేషన్ దాక ముచ్చట బయట పడొద్దని ఎలక్షన్ కాదని రాసినవు. మంచిగ చేసినవు. పోస్టుల జాబులు విప్పి చదివేటోళ్లు ఉంటరు. ఫిబ్రవరిల కారు, ఫిబ్రవరిలనే ఓట్లు. నేనేమన్న పిచ్చోన్నా?

గని చెల్లె, ప్రచారానికి కారు కొనుడెందుకు? కిరాయి అని నువ్వే రాసినవు. కిరాయంటే పదిహేను దినాలు. మూడేండ్లు దేనికి? ఓట్లయినంక కారుల కూసొని ఎవలకు దండం పెడుతడు? పొలం కుదువ మాట ఇంకోసారి రాయకు, నాకు బీపీ లేస్తది.

ఫికర్ చేయకు. నేను ఊర్లె చెప్పిన. జనం ఖుషీ. బీడీలు చుట్టే సక్కుబాయి, "మా పోరని పానం నిలబెట్టిండు, డాక్టరు సారుకే నా ఓటు" అన్నది. మన ఎదురింటి పోశం ఏమన్నడో ఎరుకేనా? "గాయన సూది పొడిస్తెనే ఊకున్నం, ఓటడిగితే కాదంటమా!"

నీ అన్న

తా.క.: బడి పక్క గోడ మీద కారు బొమ్మ గీయించిన. గీసినాయన జన్మల కారు చూడలే. ఎడ్లు లేని బండి తీరు వచ్చింది. ముందట అద్దాలుంటయిరా అంటే కండ్లద్దాలు పెట్టిండు.


మంచిర్యాల,
3-1-1967

అన్నకు,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేదు, పెట్టాననుకో.

నిన్న పొద్దున తలుపు తీస్తే మీ వైపు ఊళ్ల నుంచి వచ్చిన నలభై మంది వాకిట్లో ఉన్నారు. రోగులేమోనని మీ బావ స్టెతస్కోపు మెడలో వేసుకుని బయటికి వచ్చారు. దాని మీదే దండ వేశారు.

"గెలిచినంక మా ఊరికి బోరింగ్ ఏపియ్యాలె సారూ" అన్నాడు ఒకాయన.

"నేను నిలబడుతలేనయ్యా!"

"నువ్వు నిలబడుడెందుకు సారూ? నీ మోకాలు మంచిగ లేదు. నువ్వు కూసో, మేం గెలిపిస్తం."

నలభై మందికీ చాయ్ పెట్టాను. నెల చక్కెర ఒక్క పూటతో అయిపోయింది. మీ బావ వాళ్లను పంపించడానికి అరుగు మీద నిలబడి ముప్పావు గంట మాట్లాడారు. వద్దని చెప్పడానికి ముప్పావు గంట ఎందుకని అడిగితే, "పాపం, దూరం నుంచి వచ్చిండ్రు" అన్నారు. మధ్యాహ్నం ఒక రోగికి చీటీ రాస్తూ "ఈ ప్రాంత ప్రజలు" అన్నారు. ఆ రోగికి వచ్చింది పంటినొప్పి.

అన్నా, ఇక నిదానంగా రాస్తాను. మొన్న నస్పూర్ నుంచి వస్తుంటే బొగ్గు లారీ దుమ్ములో దారి కనపడక ఆయన మళ్లీ మోటారు సైకిలుతో సహా కాలువలో పడ్డారు. ఇంకోసారి పడితే ఆ కాలు పనికిరాదని వరంగల్ పెద్ద డాక్టరు చెప్పాడు. ఇరవయ్యో తేదీ దాటితే ఇంకో అయిదేళ్లు ఆ మోటారు సైకిలే గతి. నాకు కావలసింది పెట్రోలు పోస్తే నడిచే కారు. నీ గోడ మీది దానికి పెట్రోలు పోసి చూడు.

అనసూర్య

తా.క.: ఆ నాలుగు వేలు నావి. నా డబ్బు నాకు పంపడానికి ఎవరూ ఓట్లు వేయనవసరం లేదు.


దండేపల్లి,
8-1-67

చెల్లెకు అన్న రాసింది. కోపం తగ్గించుకొని చదువు.

ఈసారి జాబు మీ వదినెతోని చదివిచ్చిన. మొత్తం చదివి కాయితం నా ఒళ్లెకు ఇసిరేసింది. "నీ మొఖం! గది మోటరు! ఆయన కాలు ఇరుగుతదని ఆడిబిడ్డ ఏడుస్తుంటే నువ్వు గోడలకు రంగులేపిస్తవా?" అన్నది. బావ పడ్డడంటే నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. తప్పయింది.

మన జీతగాడు కొమురెల్లితోని నాలుగు వేలు పంపుతున్న. లెక్కపెట్టుకో. నేను ఇంట్లకెల్లి బయటికి పోతలేను. ఎలక్షన్ అని నేనే చెప్పి, కాదని నేనే ఎట్ల చెప్పాలె? పోశం పొద్దుమాపు వచ్చి, "డిపాజిట్ ఎన్నడు కడతరు, ఎన్నడు కడతరు" అని పానం తీస్తుండు.

నీ అన్న

తా.క.: కొమురెల్లి బస్సెక్కంగ జనం చూసిండ్రు. డిపాజిట్ పోతున్నదని వానికి దండేసిండ్రు. వాడు చేతులు జోడించి దండం గూడ పెట్టిండు.


మంచిర్యాల,
25-1-1967

అన్నకు, చెప్పుకోవడానికి ఇంకెవరూ లేని చెల్లె రాయునది.

పైకం అందింది. పదహారో తేదీన మీ బావ అది తీసుకుని, కంపెనీకి డ్రాఫ్టు తీయడానికి బ్యాంకుకు బయలుదేరారు. దారిలో దుర్గవ్వ కనపడింది. గని కార్మికుడి భార్య, ఆయన దగ్గరే మందు తీసుకుంటుంది. "డిపాజిట్ కట్టనీకి పోతున్నవా సారూ?" అని అడిగిందట. "అవునమ్మా" అన్నారట. అబద్ధం కాదు కదా. బ్యాంకు చేరేసరికి వెనక యాభై మంది.

సాయంత్రం మెడ నిండా దండలతో ఇంటికి వచ్చారు.

"కట్టిన" అన్నారు.

"ఎక్కడ?"

"లక్షెట్టిపేటల."

కారు కంపెనీ సికింద్రాబాదులో ఉంది. లక్షెట్టిపేటలో ఉన్నది నామినేషన్లు తీసుకునే ఆఫీసు.

"అంతమంది అడుగుతుంటే కాదని ఎట్లంటనే?" అన్నారు. నేను రెండేళ్లుగా వంటింటి కప్పు బాగు చేయించమంటున్నాను. యాభై మందిని తీసుకుని అడగవలసిందని ఇప్పుడు తెలిసింది.

రెండువందల యాభై అక్కడ పోయింది. మిగిలిన మూడు వేల ఏడువందల యాభై తెల్లవారి నేనే బ్యాంకుకు పోయి డ్రాఫ్టు తీసి కంపెనీకి పంపాను. ఆయన చేతిలో ఉంటే అది జీపు కిరాయి అయ్యేది. లోటు సంగతి దాచకుండా రాశాను. కార్లు రావడం ఆలస్యమైందట. మార్చి పదిహేను లోపు తక్కువైన రెండువందల యాభై కడితే సరే, లేకపోతే పేరు కొట్టేస్తామని జవాబిచ్చారు.

నామినేషన్ వెనక్కి తీసుకుంటే డబ్బు తిరిగి ఇస్తారని తెలుసుకున్నాను. తీసుకునే గడువు రోజున, నస్పూర్‌లో కాన్పు కేసుందని మీ బావ కోడి కూయకముందే పోయారు. చీకటి పడ్డాక వచ్చారు. పుట్టింది ఆడపిల్లా, మగపిల్లాడా అని అడిగితే చెప్పలేకపోయారు.

గుర్తు కారు కావాలని అడిగారట. నిచ్చెన ఇచ్చారు. మా అరుగుకు మూడు మెట్లు ఎక్కడానికి ఆయనకు నా భుజం కావాలి.

ఇంకో రెండువందల యాభై నా దగ్గర లేక కాదు. నేనిస్తే అయిదేళ్లకోసారి ఈ ముచ్చట అలవాటవుతుంది. ఆ డబ్బు పోయిన చోటి నుంచే రావాలి. కనుక, నిప్పు పెట్టిన నువ్వే ఈ పని చేయాలి. పడ్డ ఓట్లలో ఆరో వంతు దాటితే డిపాజిట్ తిరిగి ఇస్తారు. ముప్పై ఆరు వేలు పడతాయంటున్నారు కాబట్టి, మీ బావకు ఆరు వేలు దాటాలి. నిలబడ్డది అయిదుగురు. పది వేలు దాటితే గెలిచే ప్రమాదం ఉంది. గెలిస్తే ఆయన హైదరాబాదులో ఉంటారు, దవాఖానకు తాళం పడుతుంది, కారు వచ్చినా కిస్తులు కట్టేవాళ్లుండరు. నువ్వు ఎనిమిది వేలకు సరిపడా ప్రచారం చెయ్యి. మన దండేపల్లిలో గట్టిగా అడుగు. జన్నారంలో మామూలుగా అడుగు. లక్షెట్టిపేటలో ఎవరైనా అడిగితే, మనిషి మంచివాడే కానీ మతిమరుపు అని చెప్పు.

విసిగిన చెల్లె
అనసూర్య

తా.క.: నా ఓటు ఎవరికని మీ బావ పొద్దుమాపు అడుగుతున్నారు. నేను చెప్పలేదు. పోలింగు రోజు మధ్యాహ్నానికల్లా, ఎన్ని ఓట్లు పడేలా ఉన్నాయో నీ అంచనా కొమురెల్లితో కబురు పంపు. ఆరు వేలకు తక్కువగా ఉందంటే పోయి నిచ్చెన మీద ముద్ర వేసి వస్తాను. పది వేలకు దగ్గరగా ఉందంటే, పప్పు ఉడకలేదని చెప్పి పొయ్యి దగ్గరే కూర్చుంటాను.