గాజు తలుపు అవతలి మాటలు

హైదరాబాదు,
ఆదివారం.

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు కమల రాస్తున్నది. ఉడుమలైపేటలో నువ్వూ పిల్లలూ, అమ్మా నాన్నా బాగున్నారని తలుస్తాను. నేనూ, కడుపులో బిడ్డా బాగానే ఉన్నాం.

ఇక్కడ ఎండ ముదిరింది. కొబ్బరితోటల గాలికి అలవాటుపడిన ఒంటికి ఈ నాలుగో అంతస్తు కుంపటిలా ఉంది. కూరల్లో కారం దంచికొడతారు. నోరు తెరిస్తే "మీరు తమిళవాళ్ళా?" అని నవ్వుతారు. అందుకని మాటలు తగ్గించాను. అయినా బాగానే ఉన్నాను, దిగులుపడకు.

సిగ్గు విడిచి అసలు సంగతి చెబుతాను. ఫోన్లో అయితే నీ గొంతు వినగానే ఏడుపొచ్చి చెప్పలేను.

పోయిన నెల మా ఆయన, మన బావ, బాల్కనీలో నీతో వీడియో కాల్‌లో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. గాజు తలుపు వేసి ఉంది. వినపడని మాటలన్నీ నేనే కల్పించుకున్నాను. చిన్నప్పుడు మేనత్త నిన్నే కోడలిని చేసుకుంటానని అనేది కదా, అది గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఇప్పుడు నువ్వు ఆయనకు వరసకు వదినవి, నిన్నింకా "రాజీ" అని పేరుపెట్టి పిలవడమేమిటని ఆయనతో గొడవపడ్డాను. తర్వాతి ఫోన్లో ఆయన "వదినగారూ" అన్నాడు. నువ్వు ఫోను నాకిమ్మన్నావు. కాన్పుకు తోడుగా వస్తానంటే ఇల్లు చాలదని చెప్పాను. "పరవాలేదులే, ఒడంబు చూసుకో, ఒళ్ళు జాగ్రత్త" అన్నావు. గది ఖాళీగానే ఉంది అక్కా.

నిన్న సాయంత్రం బావ ఒక పాత మూకీ సినిమాకు తీసుకెళ్ళాడు. తెర పక్కన ఒకాయన హార్మోనియం వాయించాడు. పడవవాడు తన భార్య స్నేహితురాలితో రేవులో మాట్లాడుతుంటే, భార్య కిటికీలోంచి చూసి అసూయతో, ఆ పిల్ల కూర్చున్న పడవ తాడు విప్పేస్తుంది. అప్పుడు రేవులో వాళ్ళాడిన మాటలు తెరమీద అక్షరాలుగా పడ్డాయి. పాపం, పడవవాడు పెళ్ళాం దగ్గుకు మందు అడిగాడు, అంతే. పడవ కొట్టుకుపోతుంటే భార్య గట్టువెంట పరుగెత్తుతూ నోరంతా తెరిచి పిలుస్తుంది. ఒక్క మాటా వినపడదు. నాకు కూర్చోబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చాక అడిగాను, "ఆ పొద్దు బాల్కనీలో అక్కతో ఏం మాట్లాడినావు?"

"సుమ్మా, ఊరికే, బియ్యం పప్పు కలిపి ఆ అరిసిపరుపు అన్నం ఎట్ల చేసేదని అడిగినానే. నువ్వు ఏమీ తినకుండా ఉండావు, పావం అని. నాకు వండేది రాదని రాజీ నవ్వింది" అన్నాడు. వెంటనే నా మొహం చూసి, భయంగా "వదిన నవ్వింది" అని దిద్దుకున్నాడు.

నేను తలెత్తలేకపోయాను. మనిషిని ఎంత బెదరగొట్టానో అప్పుడు తెలిసింది.

నన్ను తిట్టు, కానీ రా అక్కా. పోదనూరులో రైలెక్కు. వచ్చేటప్పుడు ఆ అన్నంలోకి చిన్న ఉల్లిపాయలు కొంచెం తీసుకురా. అమ్మకు, నాన్నకు, మేనత్తకు నా దండాలు. బిడ్డ క్షేమంగా పుట్టాలని దీవించమను.

స్టేషనుకు ఇద్దరం వస్తాం. నిన్ను పేరుపెట్టి పిలవమని బావకు చెప్పాను. పక్కన నేనున్నానని జంకకుండా పలుకు.

నీ ముందు తలవంచుకున్న చెల్లెలు,
కమల