నా బూట్లో కాలు పెట్టిన మనిషి

క్లబ్బు క్వార్టర్స్, పై అంతస్తు
సెప్టెంబరు 9, సోమవారం

అక్కకూ బావకూ నమస్కారాలు, బుజ్జిదానికి ముద్దులు.

నేను క్షేమం. మీరంతా క్షేమమనే నమ్ముతున్నాను. ఇంత దూరాన ఉండి నమ్మడం తప్ప చేయగలిగింది కూడా ఏమీ లేదు కదా. ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని బావ నవ్వుతాడని తెలుసు. ఫోన్లో నా గొంతు వినగానే నువ్వు ఏం జరిగిందే అంటావు. ఏమీ లేదంటే ఊరుకోవు. కాగితం మీదైతే నేను చెప్పదలుచుకున్నంతే చెప్పొచ్చు. పైగా ఇక్కడ గోడలు మరీ పలచన. పక్క గదిలో గోల్‌కీపరు తుమ్మితే నా మంచం కదులుతుంది. వాళ్ళకు మన భాష రాదనుకో, అయినా ఏడుపు అర్థం కావడానికి భాష ఎందుకు?

గది బాగానే ఉంది. ఒక మంచం, ఒక బల్ల, తలుపు సరిగ్గా పడని బీరువా. కిటికీలోంచి వెనకవైపు చిన్న గ్రౌండు కనిపిస్తుంది. రోజూ వాన. నేను వచ్చినప్పటి నుంచీ ఆరేసిన బట్ట ఒక్కటీ పూర్తిగా ఆరలేదు.

ఇక అసలు సంగతి. మొదటి రోజు మేనేజరు నన్ను ఫుట్‌బాల్ టీమ్‌లో అందరికీ పరిచయం చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కావిడ మాత్రం చప్పట్లు కొడుతూ కొడుతూనే నా కాళ్ళ వంక చూసింది. ఇన్నేళ్ళుగా లెఫ్ట్ వింగ్‌లో ఆడుతున్నది ఆవిడే. నన్ను తెచ్చింది ఆ చోటికే. వయసులో నీకంటే పెద్దదే. మనిషి పొడుగు, కాళ్ళు సన్నం, మెడ ఇంత. అప్పటికప్పుడు కొంగ అని పేరు పెట్టేశాను. ఊరికే పెట్టలేదులే. భోజనాల గదిలో, బస్సులో, ప్రాక్టీసులో ఎక్కడున్నా నా పాదాల మీదే దాని జపం.

నీ పాదాల్లో చూడటానికి ఏముందే అంటావు. ఉంది. చెప్పకూడదనుకున్నాను కానీ చెబుతున్నాను, అమ్మకు మాత్రం చెప్పకు. ఇక్కడ క్లబ్బు ఇచ్చిన బూట్లే వేసుకోవాలి, ఆ కంపెనీతో వీళ్ళకు ఒప్పందం. పెట్టె విప్పితే కొత్త తోలు వాసన గుప్పుమంది. మనసు ఎంత పొంగిపోయిందో! మన దగ్గర ఆడినన్నాళ్ళూ నేను కొత్త బూటు తొడిగిన పాపాన పోయానా? సీనియర్లు ఎవరైనా ఆట మానేస్తే వాళ్ళ బూట్లు మనకు వచ్చేవి, అప్పటికే బట్టలా మెత్తబడి. ఇవి బూట్లు కావక్కా, చెక్కపెట్టెలు. రెండు మడమలూ ఒలిచేశాయి. బొబ్బలు పగిలి పచ్చిపుండ్లయ్యాయి.

ఫిజియోకి చెప్పొచ్చు కదా అంటావు. ఫిజియోకి చెబితే ఆయన మేనేజరుకి చెబుతాడు, మేనేజరు బెంచి మీద కూర్చోబెడతాడు. నాకంటే ముందు వచ్చిన ఒక విదేశీ అమ్మాయి కాలు నొప్పని నోరు జారిందట. బెంచి ఎక్కింది, ఆ బెంచి మీది నుంచే ఇంటికి వెళ్ళింది. నాకు సెలవులదాకా గడువు ఇచ్చారు. ఈలోపు పనికొస్తాననిపిస్తే ఉంచుకుంటారు, లేకపోతే టికెట్ చేతిలో పెడతారు. అందుకే దూది కుక్కి, పళ్ళు బిగబట్టి ఆడుతున్నాను.

నిన్న వాష్‌బేసిన్ దగ్గర మేజోళ్ళకు అంటిన నెత్తురు కడుక్కుంటుంటే కొంగ వచ్చింది. చూసింది. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. అదే నాకు భయంగా ఉంది. ఫిజియో చెవిలో ఒక్క మాట వేస్తే చాలు, దాని చోటు దానికి దక్కుతుంది.

నువ్వు సీసాలో పోసిచ్చిన నూనె మాత్రం రోజూ రాసుకుంటున్నాను.

నీ చెల్లి


అదే గది
అక్టోబరు 2, బుధవారం

ప్రియమైన అక్కకు,

నమస్కారాలు. నీ ఉత్తరం అందింది. చిన్నప్పటి నుంచీ నాకు అందరి మీదా అనుమానమేనని రాశావు. లడ్డు తిన్నది పిల్లి కాదు నువ్వేనని నేను చిన్నప్పుడే కనిపెట్టిన సంగతి మరిచిపోయినట్టున్నావు.

కొంగ ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మంచిదే కదా అనకు. ఎందుకు చెప్పలేదా అని ఆలోచించేకొద్దీ నాకు అనుమానం పెరుగుతోంది. ఇప్పుడు చెబితే నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుని తిరిగొస్తాను. పెద్ద మ్యాచ్ ముందు చెబితే నా పని అయిపోయినట్టే. అందుకని దాచుకుందనే నా నమ్మకం.

దానికి తోడు ఇంకొకటి మొదలైంది. ఇక్కడ డ్రెస్సింగ్ రూమ్‌లో తాళాలు ఉండవు. ఎవరి అర వాళ్ళది, అంతే. ఒక ఉదయం నా బూట్లు తీస్తే తడిగా ఉన్నాయి. ముందురోజు నేనే తుడిచి పెట్టాను. సరే, ఈ ఊళ్ళో గోడలే చెమ్మగిల్లుతుంటే బూట్లెంత అనుకున్నాను. మర్నాడూ తడే. పైగా లోపల ఉండలు చుట్టిన పాత పేపర్లు కూరి ఉన్నాయి. నవ్వకు గానీ, ముందు చేతబడేమో అనుకున్నాను. పేపర్లు విప్పి చూస్తే వాతావరణం పటాలు, సంతాపాల ఫోటోలు. బూటు వేసుకుంటే మడమ దగ్గర తోలు కాస్త సాగినట్టుంది. ఎవరో పనిగట్టుకుని పాడు చేస్తున్నారు.

నా మాటలు వీళ్ళ భాషలో చెప్పడానికి క్లబ్బు పెట్టిన దుబాసీ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళి నిలదీద్దామనుకున్నాను. కానీ ఆ అమ్మాయి కూర్చునేదే మేనేజరు గదిలో. ఆమెతో ఏది చెప్పినా ఆయనకు చెప్పినట్టే. బూట్ల గొడవ మొదలుపెడితే కాళ్ళ గొడవ బయటపడుతుంది. నోరు మూసుకున్నాను.

మొన్న బస్సులో కొంగ నా పక్క సీట్లోనే కూర్చుంది. నా వంక చూసి తన మడమ తట్టి చూపించింది. తర్వాత పెదవుల మీద వేలు పెట్టుకుంది. నోరెత్తావా నీ సంగతి చెబుతానని కాకపోతే ఏమిటి దాని అర్థం? ఆ రోజు నేను కిటికీ వైపు తిప్పిన తల ఇంటికి వచ్చేదాకా ఇటు తిప్పలేదు. మెడ పట్టేసింది.

ఇంకా విను. ఇవాళ తెల్లవారుజామున కిటికీ తీశాను. వెనక గ్రౌండులో ఎవరో ఒక్కరే పరుగెడుతున్నారు. ఆ పొడుగు చూడగానే పోల్చుకున్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి, పంపు షెడ్డు పక్కన నిలబడి చూశాను. తడిగడ్డిలో గెంతుతోంది, మునివేళ్ళ మీద లేస్తోంది, మడమ నేలకేసి కొడుతోంది. దాని కాళ్ళకు ఉన్నవి నా బూట్లక్కా. వెనక నా నంబరు కనిపిస్తోంది.

నీకు తెలియనిది ఏముంది? మన టీమ్‌లో ఒక మనిషి ఆడుతుండగా ఆ మనిషి బూట్లో ఇంకొకరు కాలు పెట్టేవాళ్ళా? పెడితే ఆట పోతుందని ఎంత భయపడేవాళ్ళం! ఆట మానేసిన వాళ్ళ బూట్లే తీసుకునేవాళ్ళం. నేనింకా మానలేదు. నన్ను పంపించేసినట్టే లెక్క వేసుకుంది ఆ మనిషి.

ఒక మంచి మాట కూడా రాయాలి. నాలుగు రోజులుగా మడమలు కాస్త నయం. అంతా నీ నూనె చలవే. ఇంకో సీసా పంపే వీలుంటే చూడు.

నీ చెల్లి


అక్టోబరు 15, మంగళవారం

అక్కకు, బావకు నమస్కరించి రాయునది.

శుభవార్త. ఆదివారం పెద్ద మ్యాచ్‌లో మొదటి పదకొండు మందిలో నేనున్నాను! టీవీలో వస్తుంది, మీకు మధ్యాహ్నం అవుతుందట. అంతలోపు అందాలని ఈ ఉత్తరం కొరియర్‌లో వేస్తున్నాను. నీ కుట్టు షాపు మూసేసి చూడు. జాకెట్లు ఆలస్యమయ్యాయని ఎవరైనా అరిస్తే అరవనీ.

ఇది ఎలా జరిగిందో చెబుతాను. చివరికి నేనే మేనేజరు దగ్గరికి వెళ్ళాను. కాళ్ళ మాట ఎత్తలేదు, బూట్ల మాటే చెప్పాను. ఫలానా మనిషి నా వస్తువులు పాడు చేస్తోంది, నన్ను బెదిరిస్తోంది, కళ్ళారా చూశానని చెప్పాను. దుబాసీ అమ్మాయి ప్రతి మాటా చెప్పింది. మేనేజరు ముఖం ఎర్రబడింది. కొంగను పిలిపించాడు.

వచ్చి నిలబడింది. నా బూట్లు వేసుకున్నది నిజమేనా అని అడిగాడు. నిజమేనంది. ఎందుకని అడిగాడు. మళ్ళీ అడిగాడు, గొంతు పెంచి అడిగాడు. తల వంచుకుంది తప్ప నోరు విప్పలేదు. మనసులో ఏ పాపం లేకపోతే నోరెందుకు పెగలదు అక్కా? అప్పుడు కూడా ఒకసారి నా కాళ్ళ వంక చూసింది, చూడు దాని ధైర్యం!

జూనియర్లతో ప్రాక్టీసు చేసుకోమని అవతలి గ్రౌండుకు పంపేశారు. ఆమెకు ఇదే ఆఖరి సీజనట, ఆదివారం కాసేపైనా ఆడించాలని అనుకున్నారట. ఇప్పుడు అదీ లేదు. గోల్‌కీపరు నాతో మాట్లాడటం మానేసింది. మానితే మానింది. వాళ్ళంతా ఒకటి.

ఆ పాత జత పాడైందని నేను చెప్పడంతో మేనేజరు కొత్త జత ఇప్పించాడు. గదికి తెచ్చుకుని బీరువాలో పెట్టుకున్నాను. నిన్న వేసుకుని ప్రాక్టీసు చేస్తే ప్రాణం పోయినంత పనైంది. మానిన చోటే మళ్ళీ చీలింది. నీ నూనె కూడా పని చేయడం మానేసింది, పాతబడిందేమో. ఆదివారం ఒక్కటి గట్టెక్కితే చాలు, ఇక్కడ ఉండిపోతాను.

నిన్ను సంతోషపెట్టే ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి అనుకుంటాను.

మీ ప్రేమకు పాత్రురాలు,
చెల్లి

తా.క. ఉత్తరం కవరులో పెట్టాను గానీ అంటించలేదు. అంటించకపోవడమే మంచిదైంది.

ఇవాళ ప్రాక్టీసుకు ముందు, ఎవరూ ఉండరు కదా అని దూది కోసం ఫిజియో గదికి వెళ్ళాను. కొత్త బూట్లు చేతిలోనే ఉన్నాయి, తొడుక్కుంటే నడవలేను. లోపల ఆవిడ ఒక్కతే ఉంది. కాలు కుర్చీ మీద పెట్టుకుని కట్టు మార్చుకుంటోంది. రెండు మడమలకూ పుండ్లు. సరిగ్గా నాకున్న చోటే, నాకున్నంతే. పక్కనే ఆవిడ సొంత బూట్లు ఉన్నాయి. ఏళ్ళ తరబడి వాడిన బూట్లు, గుడ్డలా ఉన్నాయి. అవి ఎవరి కాలినీ ఒలవవు.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆవిడ నన్ను చూసింది. కోప్పడలేదు. లేచి తలుపు వేసింది. నా చేతిలోంచి కొత్త బూటు తీసుకుని, కుళాయి కింద తడిపి, ఆ పుండు మీదే తొడుక్కుంది. ముఖం చిట్లించుకుని మడమ నేలకేసి కొట్టింది, ఆ రోజు గ్రౌండులో కొట్టినట్టే. కట్టు కిందనుంచి నెత్తురు కనిపించింది. ఆపమన్నాను. మన భాషలోనే అన్నాను, ఇంకేం వచ్చు నాకు? ఆపలేదు. కింద కూర్చుని ఆవిడ కాలు పట్టుకుని నేనే బూటు లాగేశాను.

కొత్త బూటు ఎవరో ఒకరి కాలిని తినకుండా మెత్తబడదట అక్కా, తర్వాత దుబాసీ అమ్మాయి చెప్పింది. ఇక్కడ అందరికీ తెలుసట. కొత్త బూటు ముఖం చూడని నాకే తెలియదు.

తిన్నగా మేనేజరు గదికి వెళ్ళి మేజోళ్ళు విప్పి నా మడమలు చూపించాను. మొదటి రోజు నుంచీ జరిగినదంతా చెప్పాను. దుబాసీ అమ్మాయి మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. ఆవిడను మళ్ళీ పిలిపించారు. మొన్ననే ఈ మాట చెప్పి ఉండొచ్చు కదా అని మేనేజరు అడిగాడు. చెబితే ఈ పిల్లను ఆదివారం ఆడనివ్వరు కదా అందట.

నన్ను ఆడనివ్వడం లేదు. పుండ్లు మానేదాకా బంతి ముట్టొద్దన్నాడు. ఉంచుకునేదీ పంపించేదీ సెలవుల ముందే చెబుతారట. ఆయన ముఖం చూస్తే నాకేమీ తెలియలేదు. ఏడ్చాను. ఎందుకో నువ్వు అడగక్కర్లేదు.

పైన రాసిందంతా చింపేద్దామనుకున్నాను. చింపితే నీకు నా సంగతి సగమే తెలుస్తుంది, అందుకే అలాగే పంపుతున్నాను.

ఆదివారం షాపు మాత్రం తప్పకుండా మూసెయ్యి. టీవీలో నన్ను వెతకొద్దు, నేను ఆడటం లేదు. ఎడమవైపు గీత వెంబడి, నా చోట, తన మెత్తటి పాత బూట్లతో పొడుగ్గా ఒకావిడ పరుగెడుతుంది. బుజ్జిదానికి చూపించి, అదిగో మీ పెద్దమ్మ అని చెప్పు.