బరకం కప్పిన బడి

జనవరి 9, 1974

పంచాయతీ సమితికి పదకొండో ఫిర్యాదు రాశాను. అరవై తొమ్మిది తుఫానుకి మా బడి కప్పు సగం ఎగిరిపోయింది. ఐదేళ్ళు కావస్తోంది. వానొస్తే ముప్పై నలుగురు పిల్లల్నీ గోడవారగా నిలబెట్టి, గొడుగేసుకుని ఎక్కాలు చెబుతాను. ఇన్నాళ్ళకీ వచ్చిన జవాబు ఒక్క కార్డు. అందులోనూ నా పేరు పుష్పలతని పుష్పవతిని చేశారు. పనికిమాలిన వెధవలు! నాన్న ఉంటే ఈ మాటకి నోరు కడుక్కోమనేవారు.

జనవరి 10

అసలు సంగతి నిన్న రాయలేదు. జూన్‌లో నా రిటైర్మెంటు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, ఇక్కడ బడి తప్పనిసరి అని రాస్తేనే కప్పూ వస్తుంది, నా తర్వాత ఇంకో టీచరూ వస్తుంది. లేకపోతే కాలవ అవతలి బడిలో కలిపేస్తారట. మిగతా పిల్లలు ఎలాగో పోతారు. కుమారి పోలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల. పోలియోతో రెండు కాళ్ళూ పడిపోయాయి. వాళ్ళ మామ్మ దానమ్మ కూలికి పోతూ పోతూ చంకనేసుకొచ్చి బడిలో దింపుతుంది. కాలవ మీద ఉన్నది రెండు తాటిదుంగలు. దానమ్మ ఒంటరిగా దాటడానికే దేవుణ్ణి తలుచుకుంటుంది.

మూడుచక్రాల బండి ఇప్పించమని కూడా రెండేళ్ళుగా రాస్తున్నాను. అదీ ఇన్‌స్పెక్టరు గారు చూశాకేనట.

ఫిబ్రవరి 2

వస్తున్నారు! పదకొండో తేదీన. పేరు బసవపున్నయ్య గారు.

ఎన్నేళ్ళకి మా పల్లెకి ఇన్‌స్పెక్షను! అన్నం కూడా సయించలేదు. ఇదే బడి నాన్న చేతి మీద మిషను బడిగా ఉన్న రోజుల్లో ఇన్‌స్పెక్షనంటే మాకు క్రిస్మసు తర్వాత క్రిస్మసు. నాకు తొమ్మిదేళ్ళు. వారం ముందే సున్నం నానేసేవారు. ఆ వాసన ఇప్పటికీ ముక్కుకి తగులుతుంది. బంతిపూలు నేనే గుచ్చాలి. హాజరు తక్కువైతే నగరం అనే పక్క ఊరి దాకా పోయి చుట్టాల పిల్లల్ని అరువు తెచ్చేవారు. పడవ దిగి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు బడి చూసి తలూపితే మళ్ళీ ఏడాది గ్రాంటు ఖాయం. ఆయన వెళ్ళాక నాన్న ఉత్తరీయం తీసి మొహం తుడుచుకుని, గట్టెక్కామే పుష్పా, అనేవారు. ఆ ఒక్క మాట కోసం ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. అబ్బ, ఎంత మంచి రోజులు!

ఫిబ్రవరి 10

ఊరు ఊరంతా కదిలింది. గోడలకి సున్నం కొట్టారు. చర్చిలోంచి బల్లలు మోసుకొచ్చారు. మిల్లు చెంచురామయ్య గారు, ఆఫీసరు నెత్తిన ఎండ పడితే ఊరికి మర్యాదా అని, ధాన్యం మీద కప్పే పెద్ద బరకం ఇచ్చి కప్పు లేని సగం మీద బిగించి కట్టించారు. అది కిందనుంచి కనపడకుండా తెల్లగుడ్డ. దానికి బంతిపూల దండలు.

ఆ దండలు గుచ్చింది నేనే. పాడుకుంటూ గుచ్చాను.

ఫిబ్రవరి 11, సాయంత్రం

బ్రహ్మాండంగా జరిగింది.

తెనాలిలో కొన్న ఆకుపచ్చ చీర కట్టాను. కోడికూర నేనే వండాను. ఇన్‌స్పెక్టరు గారు గుమ్మంలోనే ఆగి, మీరు యోబు మాస్టారి అమ్మాయిటండీ, ఆయన దగ్గర చదివినవాళ్ళు బాపట్లలో నాకు పాఠం చెప్పారండీ, అన్నారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిల్లలందరూ లేచి నమస్కారం పెట్టారు. కుమారి లేవలేదు. కొత్త పరికిణీ పాదాల కిందకి కప్పి ముందు బల్ల మీద కూర్చోబెట్టింది వాళ్ళ మామ్మ. ఆయన అటు చూస్తే దానమ్మ గభాలున, సిగ్గండి బాబూ దానికి, అనేసింది. కుమారి పంతొమ్మిదో ఎక్కం గడగడా అప్పజెప్పింది. ఆయన శభాషని జేబులో పెన్సిలు తీసి ఇచ్చారు.

కప్పు సంగతి ఏంటని అడిగారు. మా బడికి ఏ లోటూ లేదండీ, పుష్పలతమ్మ గారున్నంత కాలం, అని చెంచురామయ్య గారు నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తెల్లగుడ్డ తొలగించి చూపించాలని తోచింది. ఇంత కళకళలాడే చోట ఆ బొక్క ఏం చూపిస్తాంలే, ఫిర్యాదుల్లో అంతా రాశాను కదా అనుకున్నాను.

వెళ్తూ, బడి చూస్తే కడుపు నిండిందండీ అన్నారు. గట్టెక్కాం నాన్నా.

ఫిబ్రవరి 12

బరకం విప్పుకుపోయారు. బల్లల మీద ఎండ పడుతోంది.

మార్చి 20

రిపోర్టు నకలు వచ్చింది. భవనం దివ్యంగా ఉన్నదట. కప్పు పటిష్ఠమైనదట. పిల్లలందరూ ఆరోగ్యవంతులు కనుక కాలవ దాటి వెళ్ళుటకు అభ్యంతరం కానరాదట. నా రిటైర్మెంటు తర్వాత బడిని అవతలి బడిలో కలిపి, ఈ భవనాన్ని సమితి ఎరువుల గోడౌనుగా వాడుకోవచ్చునట.

నాలుగుసార్లు చదివాను. నా బుద్ధి గడ్డి తింది. ఆ రోజుల్లో బడి బాగుందనిపిస్తే గ్రాంటు. ఈ రోజుల్లో బాగోలేదనిపిస్తేనే కప్పు. యాభై నాలుగేళ్ళు నిండినదాన్ని, ఇంత చిన్న సంగతి తోచలేదు నాకు. పదకొండు కాగితాల్లో నిజం రాసి, మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే పూలదండలేసి అబద్ధం చూపించాను.

మార్చి 22

సమితి ఆఫీసుకి వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు గారి ముందు నిలబడి, అది బరకమండీ, ఆ పిల్ల లేవలేదండీ, అని మొత్తం చెప్పేశాను. ఆయన మొహం పాలిపోయింది. మంచి రిపోర్టు రాసి మీకు మేలు చేశాననుకున్నానమ్మా, ఆ రోజే ఒక్క మాట ఎందుకు చెప్పలేదండీ, అన్నారు. ఆర్డరైపోయిందట. మళ్ళీ రాయడమంటే ఆయన సంతకం అబద్ధమని ఆయనే రాసుకోవడమట. బండి కాగితం మాత్రం మళ్ళీ పెట్టమన్నారు. పెట్టి వచ్చాను. పన్నెండోది.

బస్సులో వస్తూ ఏడ్చాను. పక్కనావిడ, ఎవరైనా పోయారా అక్కా, అని అడిగింది.

మార్చి 24, ఆదివారం

చర్చి దగ్గర దానమ్మ చెప్పింది. గొప్ప ఆఫీసరు ముందు పిల్ల కాళ్ళు పరిచి పెడితే అడుక్కున్నట్టుంటదని కప్పానమ్మగారూ, నా పిల్ల తెలివి చూడాలనుకున్నా గానీ కాళ్ళు కాదు, అని. తప్పు నాదేనా అమ్మగారూ, అని కూడా అడిగింది. కాదన్నాను. తప్పు నాది. ఆ ముసల్దాన్ని నేను ముందే కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది.

జూన్ 15

నాన్న పెట్టిన గంట విప్పి ఇంటికి తెచ్చుకున్నాను. సమితి వాళ్ళది కాదది. అడిగితే చూద్దాం.

జూన్ 17

బళ్ళు తెరిచారు. ముప్పై ముగ్గురు దుంగల మీంచి కాలవ దాటారు. ఒడ్డున నిలబడి లెక్కపెట్టాను.

పన్నెండింటికి దానమ్మ వచ్చింది, చంకలో కుమారి, కుమారి చేతిలో ఆ పెన్సిలు. మా అరుగు మీద దింపి పనికి పోయింది.

జూలై 3

పోయిన వారం వానకి ఎరువుల బస్తాలు తడిశాయట. వెంటనే బడికి కొత్త రేకులు వేశారు. నాలుగు రోజుల్లో పని అయిపోయింది.

మా అరుగు మీద గంట కొట్టాను. హాజరు: ఒకటి. ఇరవయ్యో ఎక్కం.