సూది కదలకూడదు

ఫిబ్రవరి 23, ఆదివారం, మధ్యాహ్నం

చెల్లెమ్మకు,

ప్రభువు నామంలో అన్నయ్య వందనాలు. ఇక్కడ నేనూ మీ వదినా కుశలమే. నువ్వూ కుశలమని నమ్ముతున్నాను.

ఈ నాలుగేళ్ళలో నీకు మూడు ఉత్తరాలు రాశాను. మూడింటిలోనూ నువ్వు పశ్చాత్తాపపడాలనే ఉంది. మూడూ విప్పకుండానే తిరిగొచ్చాయి. మీ వదిన వాటిని కుట్టుమిషను సొరుగులో పెట్టింది. అందుకే ఈసారి కవరు మీదే రాశాను, ఇందులో వాక్యం తక్కువ, రేడియో ఎక్కువ అని.

సంగతేమిటంటే, హామ్ రేడియో పరీక్ష రెండోసారికి పాసయ్యాను. లైసెన్సు వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళకి ఈ బుద్ధేమిటని సంఘంలో అడిగారు. వాళ్ళకి చెప్పలేదు గానీ, నాకు నీతో ఒక్కసారి మాట్లాడాలని ఉంది. నోటితో అయితే మనిద్దరికీ మూడో మాటకే చెడుతుంది. నువ్వు వాడే ఆ డిజిటల్ పద్ధతిలో ఆ భయం లేదు. కంప్యూటరు పదిహేను సెకన్లు కూస్తుంది, పదిహేను సెకన్లు వింటుంది. పేర్లకి బదులు నీ కాల్‌సైన్, నా కాల్‌సైన్, ఎక్కడున్నామో చెప్పే నాలుగు గుర్తులు, ఎంత బలంగా వినిపించామో ఒక అంకె, ఇక సెలవు. తీర్పు చెప్పడానికి ఎవరికీ సందు లేదు.

నేర్పుతున్నది టెలిఫోన్ ఆఫీసులో రిటైరైన మాస్టారు. నా షాపులో గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చి, బల్ల మీద పరీక్ష పుస్తకం చూసి, తనంతట తానే గురువైపోయారు. మొదటి మూడు రోజులు నాకేమీ అందలేదు. తెర మీద పసుపు చారలు జలపాతంలా దిగుతున్నాయి, ఒక్క అక్షరమూ రాదు. వైరు మార్చాను. ఏరియల్ మార్చాను. ఒకపూట ఉపవాసమూ ఉన్నాను. మాస్టారు వచ్చి కంప్యూటరు గడియారం చూసి ఒకటే నవ్వు. "గడియారాల షాపు పెట్టుకుని మూడు సెకన్లు వెనకబడ్డారేమిటండీ పాస్టరుగారూ? ఇక్కడ అందరూ ఒకేసారి కూత ఎత్తుకోవాలి. మీరు రైలెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీదికొస్తున్నారు" అన్నారు. మీ వదిన వంటింట్లోంచే, "ఈయనకి ప్రసంగం ముగించడంలోనే ఆలస్యం అనుకున్నానండీ, మొదలెట్టడంలో కూడానా?" అంది.

గడియారం సరిచేశాక అరనిమిషంలో ఇరవై స్టేషన్లు తెర మీద పడ్డాయి. వాటిలో సగం నా చెవికి అసలు వినబడనివి. బరబరమనే హోరు తప్ప నాకేమీ లేదు, కంప్యూటరు ఆ హోరు అడుగునుంచి పేర్లు ఏరుతోంది. గుహ ముందు నిలబడ్డ ప్రవక్తకు దేవుడు గాలిలోనూ కనబడలేదు, భూకంపంలోనూ కనబడలేదు, నిప్పులోనూ కనబడలేదు, చివరికి నిమ్మళమైన చిన్న స్వరంలో వచ్చాడు. ఆ భాగం మీద నేను పదకొండుసార్లు ప్రసంగించాను. పదకొండుసార్లూ అరిచే చెప్పాను.

తర్వాత పంపడం నేర్చుకున్నాను. గాలిలోకి కాదు. ఏరియల్ తీసేసి, ఆ శక్తినంతా మింగే ఒక డబ్బా తగిలించి నేర్పారు. కంప్యూటరు నుంచి రేడియోలోకి వెళ్ళే శబ్దాన్ని నేను అలవాటు కొద్దీ చివరికంటా తిప్పాను. మీటరు సూది ఎగిరి అటు చివర కొట్టుకుంది. మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు.

"తగ్గించండి. ఆ సూది కదలకూడదు."

"కదలకపోతే నా మాట వెళ్తోందని ఎలా తెలుస్తుందండీ?" అన్నాను.

"వెళ్తుంది. మీరు గట్టిగా తోస్తే వెళ్ళేది మీ మాట కాదు, దాని తునకలు. అవి నాలుగుచోట్ల పడి పక్కవాళ్ళ మాటలు చెడగొడతాయి. చెడగొడుతున్నట్టు మీకొక్కరికే తెలియదు" అన్నారు.

మాస్టారుకి మన ప్రార్థన గది సంగతి ఏమీ తెలియదు. నాకు గుర్తున్నది రాస్తాను, నీ గుర్తు వేరుగా ఉంటే సరిదిద్దు. టైర్ల కొట్టు పైన ఆ గదిలో మైకు, ఆంప్లిఫయరు చూసేదానివి నువ్వు. పక్క గదిలో ఉండే నర్సు, రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు నిద్రపోవాలి, కాస్త తగ్గించమని నిన్ను మెట్ల మీద అడిగింది. నువ్వు నాతో చెప్పావు. నేను వినలేదు. ఆ ఆదివారం ప్రసంగం మధ్యలో నువ్వు మీట సగానికి తిప్పావు. నేను అరవైమంది ముందు వేలు చూపించి, దేవుని నోరు నొక్కిన చెయ్యి అదిగో అన్నాను. ఇంట్లోకీ రావద్దన్నాను. హెడ్‌ఫోన్లు తీసి, వైరు చుట్ట చుట్టి, బల్ల మీద పెట్టి దిగిపోయావు. ఆ వారం పాటల పుస్తకాలు పంచాల్సిన పిల్ల కూడా నీ వెనకే దిగిపోయిందని మీ వదిన ఇప్పటికీ చెబుతుంది.

నర్సు ఇల్లు మారి రెండేళ్ళయింది.

నేనింకా గాలిలోకి ఒక్క కూతా పంపలేదు. వినడమే. మొదటిది నీకే పంపుదామని ఆగాను. నా వైరు సరిగా ఉందో లేదో కూడా నమ్మకం లేదు, అందుకే నీ సాయం కావాలి. వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి, నువ్వెప్పుడూ ఉండే ఫ్రీక్వెన్సీలోనే, నిన్ను పిలుస్తాను. నా కాల్‌సైన్ కవరు వెనక ఉంది. ఇష్టమైతే ఒక అంకె ఇవ్వు. లేకపోతే ఆ చారలు దిగిపోతుంటే చూస్తూ ఊరుకో. రెండూ నీ హక్కే.

నీ ఆరోగ్యం చూసుకో.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క. కవరు అంటించబోతుంటే మీ వదిన ఉత్తరం చదివింది. "వేదిక ఎక్కి నిజం చెప్పే మనిషి కాగితం మీద అబద్ధం రాస్తాడా?" అంది. కనుక నిజం ఇది. నేను గాలిలోకి పంపాను. పోయిన శనివారం నువ్వు అందరినీ పిలుస్తుంటే నేనే జవాబిచ్చాను. కొత్త కాల్‌సైన్ కదా, నన్ను ఎరగవు. నా బలానికి మైనస్ పదిహేడు అంకె ఇచ్చావు. సూది కదల్లేదు. సెలవు చెప్పుకున్నాక ఇంకొక్క మాట పంపాలనిపించింది. సొంత మాటకి పదమూడు చోట్లే ఇస్తుంది ఈ పద్ధతి, అదీ ఇంగ్లీషు అక్షరాలే. మూడు గంటలు మాట్లాడేవాడిని, పదమూడింటికి గంటసేపు వెతికినంత పనైంది. చివరికి "సారీ చెల్లి" అని కొట్టాను. మధ్య ఖాళీతో కలిపి పన్నెండు. కాల్‌సైన్ పెట్టడానికి చోటు మిగల్లేదు. అలాగే పంపేశాను. నువ్వప్పటికే వేరేవాళ్ళకి జవాబిస్తున్నావు. ఆ సాయంత్రం నీ తెర మీద ఎవరు పంపారో తెలియని వరుస ఒకటి అలా పడి ఉంటే, అది నాదే.